పిల్లలకు రోల్ ప్లేయింగ్ గేమ్ మొదలుపెట్టడం: "నువ్వేం చేస్తావ్?" అని అడిగి ఆగండి

చిత్తూరు నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. వాళ్ళ బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఆరు. బాబు యూట్యూబ్‌లో ఎవరో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతుంటే చూసి నాకూ కావాలన్నాడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం వచ్చే దాని స్టార్టర్ బాక్స్ తెప్పించి, రెండు రాత్రులు కూర్చుని రూల్స్ చదివి, ఆదివారం పిల్లలిద్దరినీ కూర్చోబెట్టారు. ముప్పావు గంటకి బాబు "ఇంక చాలమ్మా" అని లేచిపోయాడు. పాప పాత్రని తోడేలు కరిచింది, "నువ్వు చచ్చిపోయావ్" అనేసరికి పాప ఏడుపు. అదే సమయానికి అవ్వ లోపలికొచ్చి ఇంట్లో పాచికలేంది, జూదమా అని కోప్పడింది. పిల్లలు మరీ చిన్నవాళ్ళా, ఇంగ్లీషే సమస్యా, ఇంకో గేమ్ కొనాలా, అసలు మన ఇళ్ళకి ఇది పొసగదా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ పిల్లలు చిన్నవాళ్ళేం కాదమ్మా. ఇంగ్లీష్ అడ్డమే గానీ తీసి పక్కన పెట్టగలిగిన అడ్డం. ఇంకో గేమ్ ఇప్పుడే కొనొద్దు. మన ఇళ్ళకి పొసగదేమో అన్నారు చూడండి, అది మాత్రం నేను ఒప్పుకోను, మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్ళెవరూ ఒప్పుకోరు. వారం రోజులు ఊరంతా వేషం కడుతుంది, ఒకరోజు బైరాగి, ఇంకోరోజు బండ, తోటి, దొర, మాతంగి, చంకలో పిల్లలకి కూడా మొక్కుబడికి వేషం వేసి తీసుకొస్తారు. ఆడవాళ్ళని పీడించే పాలెగాడు భయపడి దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషంలో వాణ్ణి వెతికిందని, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటికొస్తే చంపేసిందని కథ. వేషం కట్టిన మనిషి ఆ కాసేపు ఇంకో మనిషి, అది మన పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్ కూడా వేషమే, మాటలతో కట్టేది.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. కథ నడిపేవాళ్ళు "ఇదీ పరిస్థితి, నువ్వేం చేస్తావ్?" అంటారు, ఆడేవాళ్ళు చెప్తారు, అవుతుందో కాదో అనుమానం ఉన్నచోట డైస్ వేస్తారు. ఆటంతా ఇంతే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి చేతుల మీదుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయింది. అంతకుముందు వాళ్ళు బొమ్మల సైన్యాలతో యుద్ధాల ఆటలు ఆడేవాళ్ళు, ఆ ఆటల్లోంచే ఇది పుట్టింది, అందుకే దాని రూల్స్‌లో ఇప్పటికీ కొట్టుకోవడం గురించి అన్ని పేజీలుంటాయి. సైన్యం మొత్తాన్ని నడపడం మానేసి ఒకే ఒక్క మనిషివి నువ్వే అయితే ఎట్లుంటుంది అన్నదే వాళ్ళ కొత్త ఆలోచన. ఆరేళ్ళ పాపకి కావలసింది ఆ ఆలోచన ఒక్కటే. కొట్టుకునే లెక్కలు పన్నెండేళ్ళొచ్చాక చూసుకోవచ్చు, ఇలాంటి స్టార్టర్ బాక్సుల మీద సాధారణంగా 12 ఏళ్ళు పైబడినవాళ్ళకి అనే వేసి ఉంటుంది, ఒకసారి మీ బాక్స్ కూడా చూడండి.

నేను తిరుపతిలో మా మిద్దె మీద తొమ్మిదేళ్ళుగా ఆదివారాలు పిల్లలతో ఆడిస్తున్నాను. మా అమ్మాయి, మా అక్క కొడుకు, ఇద్దరితో మొదలైంది. మొదటిరోజు నేను నోట్‌బుక్‌లో ఆరు పేజీలు కథ రాసుకుని కూర్చున్నాను, కొండ కింద గుహ, గుహలో మూడు గదులు, మూడో గదిలో నిధి. మా అక్క కొడుక్కి అప్పుడు ఎనిమిదేళ్ళు, "నేను గుహలోకి పోను, పక్కన చెరువుందన్నావే, దాంట్లోకి దిగతా" అన్నాడు. చెరువులో ఏం లేదురా, గుహలోకే పోవాల అన్నాను. "అయితే చెరువు గట్టు మీద చెట్టెక్కతా." అది కూడా వద్దన్నాను. మూడోసారి వాడు డైస్ నా నోట్‌బుక్ మీద పెట్టి "అంతా నువ్వే చెప్తా ఉండావు, నువ్వే ఆడుకో మామా" అని కిందికి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు నాకు ఈ ఆట ఏంటో ఆ ఒక్క మాటలో చెప్పాడు. మీ బాబు ముప్పావు గంటకి లేచిపోవడానికి కారణం కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం, బాక్స్‌లో వచ్చే సాహసం పుస్తకంలో ముందు ఇది, తర్వాత ఇది అని వరసగా ఉంటుంది, మొదటిసారి ఆడించే పెద్దవాళ్ళు ఆ వరస తప్పకూడదనుకుని పిల్లల్ని దాని వెంట లాక్కుపోతారు.

కాబట్టి అడిగాక నోరు కట్టేసుకోవడం నేర్చుకోవాలి. వినడానికి తేలికగా ఉంటుంది గానీ ఇంత కష్టమైన పని ఇంకోటి లేదు. ఆరేళ్ళ పిల్ల ఆలోచించి చెప్పడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది, మనం మూడో సెకనుకే "తలుపు తీస్తావా? అన్నని పిలుస్తావా?" అని అందించేస్తాం. అందించామంటే ఆ రెండిట్లో ఒకటి పట్టుకుంటుంది, తన మనసులో వస్తున్నది ఏదో అది అక్కడే ఆగిపోతుంది. నేను చేతిలో ఒక చింతగింజ పెట్టుకుని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంటాను, పిల్ల నోరు తెరిచేదాకా దాన్ని కింద పెట్టను. మీకు ఏది అలవాటైతే అది చేయండి, కొంగు ముడేసుకుంటారో నీళ్ళు తాగుతారో, మొత్తానికి ఆ మౌనాన్ని మాత్రం భరించండి.

పిల్ల చెప్పింది మన కథని పాడు చేస్తే? చేయనివ్వండి. రెండేళ్ళ కింద నేను చంద్రగిరి కోటలో జరిగే కథ పెట్టాను, మా ఆదివారం పిల్లల్లో దాదాపు అందరూ స్కూల్ పిక్నిక్‌కి అక్కడికి వెళ్ళినవాళ్ళే. రాజమహల్ పై అంతస్తులో పాత కర్రతలుపు ఒకటి కనిపిస్తుంది, నువ్వేం చేస్తావ్ అన్నాను. ఒక పాప, పదేళ్ళది, ఎక్కువ మాట్లాడదు, గోడకానుకుని కూర్చుని ఉంది. చాలాసేపటికి "సార్, రాజమహల్‌లో కర్ర వాడలేదు కదా" అంది. నిజమే, ఆ మూడంతస్తుల భవనం రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కర్ర లేకుండా, పిక్నిక్‌లో ఎవరో చెప్పింది ఆ పాప గుర్తుపెట్టుకుంది. నేను "అవును, లేదు" అన్నాను. "అయితే ఈ తలుపు రాజులప్పటిది కాదు. ఎవరో మొన్నీమధ్య పెట్టినారు. వాళ్ళు ఇప్పుడు లోపలే ఉండారు."

మిద్దె మీద ఎవరూ కదల్లేదు. నేను రాసుకున్నదాంట్లో తలుపు వెనక రాజుల కాలం నాటి దెయ్యం ఉంది. దాన్ని అక్కడే వదిలేశాను. ఎవరు పెట్టారు తలుపు, ఎందుకు, తాళం ఎవరి దగ్గరుంది అని ఆ రోజు నుంచి రెండు నెలలు ఆదివారాలన్నీ అదే కథ నడిచింది, ఆ పాప గోడ దగ్గర్నుంచి ముందు వరసలోకి వచ్చి కూర్చుంది. నా దెయ్యం కంటే తన తలుపు వంద రెట్లు మంచి కథ, అది నాకు తట్టేది కాదు.

ఇక ఈ ఆదివారం ఏం చేయాలంటే, ఆ బాక్స్ అటక మీద పెట్టేయండి, డైస్ మాత్రం బయట ఉంచండి. ఒక్కొక్కరికి ఒక తెల్ల కాగితం ఇచ్చి బొమ్మ గీయమనండి. బొమ్మ కింద మూడు నేను బాగా చేసేవి, ఒక భయం, సంచిలో ఒక వస్తువు. మా పిల్లలు దీన్ని వేషం కాగితం అంటారు, క్యారెక్టర్ షీట్ అనే మాట మా దగ్గర ఎవరూ వాడరు. పోయిన నెల కొత్తగా వచ్చిన ఒక ఆరేళ్ళ పాప కాగితం నా దగ్గరే ఉంది: చెట్లెక్కుతా, కుక్కల్తో మాట్లాడతా, అబద్ధం బాగా చెప్తా. భయం బల్లి. సంచిలో అమ్మ చున్నీ. ఇంతకన్నా ఏం కావాలి? రాయడం రాని పిల్లలు చెప్తే మీరు రాయండి, వాళ్ళ మాటల్లోనే, దిద్దకుండా.

మొదలు మాత్రం నడిమధ్యలో పెట్టండి. రాజ్యం పేరు, రాజు పేరు, వాళ్ళ తాత చేసిన యుద్ధం, ఇవేం వద్దు. తలకోనకి పోయే బస్సు అడవిలో ఆగింది, డ్రైవర్ దిగి వెళ్ళి చాలాసేపైంది, ఇంకా రాలేదు, వెనక సీటు కింద నుంచి ఏదో చిన్నగా అరుస్తోంది. నువ్వేం చేస్తావ్? సీటు కింద ఏముందో మీకు తెలియకపోయినా ఫర్వాలేదు, పిల్లలు వంగి చూసి వాళ్ళే చెప్తారు. డ్రాగన్ కావాలి అంటే డ్రాగనే పెట్టండి, మన ఊరి కథలే ఆడాలన్న పట్టుదల నాకు లేదు, తెలిసిన చోటైతే పిల్లలకి అక్కడ ఏముంటుందో కళ్ళకి కడుతుంది, అంతవరకే.

డైస్ సంగతి. పాపకి ఆరు ముఖాల డైస్ ఒకటి చాలు, నాలుగు అంతకన్నా ఎక్కువ పడితే అయింది, మూడు అంతకన్నా తక్కువ పడితే అనుకున్నట్టు కాలేదు. సరిగ్గా సగం సగం. వేషం కాగితంలో బాగా చేస్తా అని రాసుకున్న పని అయితే రెండు డైస్ వేయనివ్వండి, ఏది పెద్దదైతే అది తీసుకోవాలి, అప్పుడు నాలుగింట మూడు సార్లు అవుతుంది. ప్రతిదానికీ వేయించొద్దు, చెట్లెక్కే పిల్ల మామూలు చెట్టెక్కుతానంటే ఎక్కనివ్వండి. వర్షంలో, చీకట్లో, కింద ఏదో గుర్రుమంటుంటే అప్పుడు వేయించండి.

తక్కువ పడినప్పుడు ఏం జరుగుతుందన్నది ఈ ఆటలో సగం పని. "కాలేదు" అని ఊరుకుంటే కథ అక్కడే చచ్చిపోతుంది, పిల్ల మొహం కూడా వాడిపోతుంది. కాలేదు అనేదానికి బదులు ఇంకేదో అయింది అని చెప్పండి. తాళం తీయబోతే తాళం రాలేదు, కానీ ఆ చప్పుడుకి లోపల ఎవరో లేచి దీపం వెలిగించారు. కొమ్మ విరిగింది, కింద పడ్డావ్, పడ్డచోట మెత్తగా ఉంది, ఏంటా అని చూస్తే ఎవరిదో మూట. తక్కువ పడినా కథ ముందుకే పోతుందని పిల్లలకి రెండు మూడుసార్లు తెలిసిందంటే ఇక ఒకటి పడినా సంబరమే, "ఇప్పుడేమవుతాది సార్?" అని వాళ్ళే అడుగుతారు.

మీ బాబు లాంటి తొమ్మిదేళ్ళ వాళ్ళకి రెండు డైస్ కలిపి వేసే పద్ధతి బాగా నచ్చుతుంది. పది అంతకన్నా ఎక్కువైతే అనుకున్నది అనుకున్నట్టు, ఏడు నుంచి తొమ్మిదైతే అవుతుంది గానీ ఏదో ఒక ఇబ్బందితో, ఆరు అంతకన్నా తక్కువైతే కథ అడ్డం తిరుగుతుంది. రెండు డైస్‌కి మొత్తం 36 రకాలుగా పడొచ్చు, వాటిలో పది అంతకన్నా ఎక్కువ పడేవి 6, ఏడు నుంచి తొమ్మిది లోపల 15, మిగతా 15 కిందివి. తనకి బాగా వచ్చిన పనికి ఒకటి కలుపుకోమంటే ఏడు అంతకన్నా ఎక్కువ వచ్చేవి 21 నుంచి 26 అవుతాయి. ఒక్క అంకె ఇంత మారుస్తుందా అని మా దగ్గర ఒక పిల్లాడు 36 గళ్ళు గీసి తనే లెక్కపెట్టాడు, ఎవరూ చెప్పలేదు. అయితే దయచేసి దీన్ని లెక్కల ట్యూషన్ చేయొద్దు. "చూశావా, ఇదే ప్రాబబిలిటీ, పరీక్షలో వస్తుంది" అన్న క్షణం పిల్లాడికి ఇది ఆట అన్న సంగతి పోతుంది, నేను ఇలా రెండు కుటుంబాల్లో చూశాను, రెండు చోట్లా పిల్లలు మానేశారు. వారమంతా చదువే. ఆదివారం ఒక గంట వదిలేయండి.

పాప ఏడుపు విషయానికొస్తే, పదేళ్ళలోపు పిల్లల ఆటలో నేను ఎవరినీ చావనివ్వను. ఆరేళ్ళ పిల్లకి "నీ పాత్ర చచ్చిపోయింది" అన్నమాట వినపడదు, "నువ్వు చచ్చిపోయావ్" అన్నదే వినపడుతుంది, మీరు అన్నది కూడా ఆ మాటే కదా. పాత్ర ఇంకా ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకెని ఈ ఆటల్లో హిట్ పాయింట్స్ అంటారు, మేం ఓపిక అంటాం. మూడు చింతగింజలు ముందు పెడతాను, దెబ్బ తగిలితే ఒకటి పోతుంది, మూడూ పోతే ఓపిక అయిపోయి కూలబడతావ్, మిగతావాళ్ళెవరైనా వచ్చి నీళ్ళిచ్చి లేపాలి. అన్నే చెల్లెల్ని లేపాలి అంటే ఇంట్లో కొట్టుకునే అన్న కూడా పరిగెత్తుకొస్తాడు, మీరే చూస్తారు. తోడేలు చావక్కర్లేదు కూడా, ఆకలేసిందేమో, పిల్లల్ని పోగొట్టుకుందేమో, పాపనే అడగనివ్వండి.

దీనికి తోడు ఇంకో ఏర్పాటు తప్పనిసరిగా పెట్టండి. పెద్దవాళ్ళ ఆటల్లో ఎక్స్ కార్డ్ అని ఒకటుంది, జాన్ స్టావ్రోపౌలస్ అనే ఆయన తయారు చేసింది: టేబుల్ మధ్యలో ఎక్స్ గీసిన కార్డు, ఎవరికైనా కథలో ఏదైనా భరించలేనిదిగా అనిపిస్తే దాన్ని తాకుతారు, కారణం అడగకుండా ఆ విషయం తీసేస్తారు. మా దగ్గర స్టీలు గ్లాసు. గ్లాసు బోర్లిస్తే ఆగిపోవాలి. చాలా వారాలు దాన్ని ఎవరూ ముట్టుకోరు, అయినా అక్కడ ఉండాలి.

అది ఎందుకు ఉండాలో చెప్తాను. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి ఏనుగులు పొలాల మీద పడడం మన జిల్లావాళ్ళకి తెలిసిందే. ఒకసారి నేను అదే కథగా పెట్టాను, రాత్రి, చెరకు తోట, అవతల గట్టు మీద ఒంటరి ఏనుగు, చంపకుండా, ఎవరికీ దెబ్బ తగలకుండా దాన్ని అడవికి మళ్ళించాలి. పిల్లలంతా ఉత్సాహంగా ఉన్నారు, డబ్బాలు కొడదాం అని ఒకరు, ముసలిమడుగు నుంచి కుంకీని, అంటే అడవి ఏనుగుల్ని మళ్ళించడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగుని, పిలుద్దాం అని ఇంకొకరు. అందులో ఒక బాబు పలమనేరు దగ్గర పల్లె నుంచి వచ్చి మా వీధిలో వాళ్ళ పిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపి గ్లాసు బోర్లించాడు. నేను అక్కడికక్కడ "తెల్లారింది, తోటలో ఏనుగు లేదు, దారిలో ఒక పెళ్ళి ఊరేగింపు వస్తోంది" అని మార్చేశాను, పిల్లలు ఒక్క నిమిషంలో పెళ్ళిలో పడిపోయారు. వాళ్ళ తాత పొలం ముందు ఏడాది ఏనుగులు తొక్కేశాయని తర్వాత వాళ్ళ పిన్నమ్మ చెప్పింది, నాకు తెలియదు, తెలుసుకుని ఉండాల్సింది. ఆరు వారాల తర్వాత ఆ బాబే "సార్, ఆ ఏనుగు కథ ఆడదాం" అన్నాడు. తన వేషం కాగితంలో సంచిలో ఏముంది అన్నచోట పనసపండు అని రాసుకొచ్చాడు. పండు ముక్కలు ఒక్కొక్కటే దారి పొడుగునా పెట్టుకుంటూ అడవి అంచుదాకా ఏనుగుని తనే తీసుకుపోయాడు, ఆ అరగంట మిగతా పిల్లల్ని ఎవరినీ డైస్ ముట్టుకోనివ్వలేదు.

అవ్వ కోపంలో తప్పేమీ లేదు. ఆమెకి పాచికలంటే మాయాజూదం, ధర్మరాజు రాజ్యం పోగొట్టుకోవడం, ద్రౌపదిని సభకి ఈడ్చుకు రావడం. మన చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరిగితే ఆ తరం వాళ్ళు పగలు హరికథ, రాత్రి నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్లో నేల మీద మట్టితో పరిచిన దుర్యోధనుడి బొమ్మ దాకా ఒక్కటీ వదలకుండా చూసినవాళ్ళు. ఆమెతో వాదించకండి. పందెం లేదు, డబ్బుల్లేవు, గెలిచేవాళ్ళూ ఓడేవాళ్ళూ లేరు అని ఒక్కసారి చెప్పి, డైస్ తీసి గవ్వలు పెట్టండి. నాలుగు గవ్వలు వేసి రెండు అంతకన్నా ఎక్కువ వెల్లకిలా పడితే అయినట్టు. అష్టాచెమ్మా ఆడిన చేతులకి గవ్వలు పరాయివి కావు. గవ్వలు డైస్ లాగా సమానంగా పడవు, ఒక్కో జత ఒక్కో రకం, పిల్లల్ని ముందుగా యాభైసార్లు వేసి చూసుకోమంటే వాళ్ళ గవ్వల స్వభావం వాళ్ళకే తెలుస్తుంది.

ఆ తర్వాత అవ్వకి ఒక పాత్ర ఇవ్వండి. మా ఎదురింటి అవ్వ మొదట్లో మిద్దె మెట్ల దగ్గర నిలబడి గొణిగేది. ఒకరోజు కథలో పిల్లలు దారి తప్పితే "అవ్వా, అడవిలో గుడిసె ముందు కూర్చున్న ముసలామె నువ్వే, వీళ్ళు దారి అడుగుతున్నారు" అన్నాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది, కొంగు బిగించింది, "దారి ఊరికే చెప్తారా ఎవురన్నా? వాగులో నీళ్ళు తెచ్చి పెట్టండి, చెప్తా. ఉత్తరంపక్క వాగు కాదు, ఆడ మొసలి ఉండాది" అంది. ఆ మొసలి నా కథలో లేదు. ఆ రోజు నుంచి ఉంది.

దేవుళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, తిరుపతిలో ఉండి చెప్తున్నాను కాబట్టి. దేవుళ్ళని పాత్రలుగా పెట్టకండి. పిల్లలు తప్పు చేస్తారని కాదు, దేవుడు వచ్చిన కథలో పిల్లలు సొంతంగా ఏమీ నిర్ణయించలేరు, ఏం చేయాలో ఆయనే చెప్పాలని చేతులు కట్టుకుని కూర్చుంటారు. పైగా ఆ డైస్ మీద ఒకటి పడితే ఇంట్లో ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుంది. కొండలు, వాగులు, కోటలు, జాతర, పాలెగాళ్ళు అన్నీ వాడుకోండి, అవే బోలెడు.

భాష గురించి పెద్ద టెన్షన్ పడక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఆడండి, డైస్, మాన్‌స్టర్, పవర్ లాంటివి పిల్లలు ఎలాగూ అనేస్తారు, అననివ్వండి. మీది చిత్తూరు, తమిళం కూడా చెవిన పడుతూనే ఉంటుంది, మా దగ్గర ఒక పిల్లాడి కొట్టు యజమాని పాత్ర వేలూరు ఆయన, బేరం మొత్తం తమిళంలోనే చేస్తాడు, వాడికి అదే గొప్ప. "ఇంగ్లీష్‌లో చెప్పు, ప్రాక్టీస్ అవుతుంది" అనొద్దు. ట్యూషన్ గురించి పైన చెప్పిందే ఇక్కడ కూడా.

అన్నాచెల్లెళ్ళు కలిసి ఆడేటప్పుడు అన్న చెల్లెలి బదులు కూడా చెప్పేస్తాడు. ఒక పెద్ద గవ్వ తీసుకుని ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే మాట అని పెట్టండి. అన్న మధ్యలో వస్తే కోప్పడకుండా "గవ్వ ఎవరి దగ్గరుంది?" అంటే చాలు.

పాపకి ఇరవై నిమిషాలు, బాబుకి ముప్పావు గంట, అంతకన్నా వద్దు, ఇంకా కావాలి అంటున్నప్పుడే ఆపేయండి. పాప మధ్యలో లేచిపోతే "నీ పాత్ర నిద్రపోయింది, వచ్చాక లేపుతాం" అని కథ నడిపేయండి.

నాలుగైదు ఆదివారాలు ఇలా ఆడాక ఏదైనా కొనాలనిపిస్తే అప్పుడు చెప్తాను. మార్టిన్ లాయిడ్ రాసిన అమేజింగ్ టేల్స్ సరిగ్గా మీ పాప వయసు వాళ్ళ కోసం చేసిన గేమ్, పిల్ల తనకి వచ్చిన నాలుగు పనులు చెప్తుంది, బాగా వచ్చినదానికి 12 ముఖాల డైస్, తర్వాత 10, 8, 6, దేంతో వేసినా మూడు అంతకన్నా ఎక్కువ పడితే అయినట్టు. రూల్స్ అంతకన్నా పెద్దగా ఏం లేవు. కొట్లాటలు, మ్యాప్ కావాలనే పిల్లలకి హీరో కిడ్స్, మామూలు ఆరు ముఖాల డైస్‌తోనే ఆడొచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం మీ బాబు తొందరపడితే పది పదకొండేళ్ళకి ఆ బాక్స్ దించండి, అప్పటికి 20 ముఖాల డైస్‌లో ఒక్కో ముఖం అయిదు శాతం అన్నది వాడికి మీరు చెప్పక్కర్లేదు. దాని మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతున్నాయి, ఇంకో పుస్తకం కొనేముందు అవి దించుకుని చూడండి.

ఏదో ఒక ఆదివారం మీ బాబు "ఈసారి కథ నేను నడపతా" అంటాడు, త్వరలోనే. వెంటనే ఇచ్చేయండి, మీరు ఒక వేషం కాగితం రాసుకుని పాప పక్కన కూర్చోండి. వాడు నిన్న చెప్పినదానికి ఇవాళ చెప్పినదానికి పొంతన ఉండదు, అయిదు నిమిషాలకో రాక్షసుడు వస్తాడు, మీ పాత్రని కావాలని గుంటలో పడేస్తాడు. దిద్దొద్దు. మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు మొదటిసారి కథ నడిపితే అందులో అందరూ ఐస్‌క్రీమ్ బండి కోసం వెతకడమే, గంటసేపు. ఇప్పుడు పదిహేనేళ్ళు, నెలకి రెండు ఆదివారాలు మిద్దె మీద చిన్నపిల్లలకి కథ తనే నడుపుతోంది, నేను ఒక మేకల కాపరిని, నా సంచిలో పిల్లనగ్రోవి.

ఇంకొకటి, డైస్‌ని వట్టి గచ్చు మీద వేయనివ్వకండి, బీరువా కిందికి దొర్లిపోతే అది వెతికేలోపల కథ చల్లారిపోతుంది. అన్నం పళ్ళెంలో పాత తువ్వాలు పరిచి అందులో వేయమనండి.